నిదానం బండి

పెళ్ళయిన కొత్తలో ఒకరోజు అత్తగారు భోజనానికి పిలిచింది. అతను లేచి, చేతులు కడుక్కుని, తుడుచుకుని, ఆ తుడుచుకున్న తువ్వాలు అంచులు కలిపి మడతపెట్టి, తీగ మీద ఆరేసి వచ్చేసరికి కంచంలో వడ్డించినవన్నీ చల్లారిపోయాయి. "ఏం మనిషే తల్లీ, నిదానానికే చొక్కా తొడిగి మనింటికి పంపించారు" అంది ఆవిడ కూతురితో, అల్లుడి చెవిన పడేట్టుగానే. అంతే, ఆ రోజు నుంచి అతను నిదానం. మొదట ఇంట్లోవాళ్ళకి, తరవాత వీధిలోవాళ్ళకి, ఆఖరికి అతను పనిచేసే కళ్ళజోళ్ళ దుకాణంలో వాళ్ళకి కూడా. అతనేమీ అనుకోలేదు. దుకాణం వెనక గదిలో అద్దాలు అరగదీసే పని అతనిది. ఆ పనిలో తొందరపడితే అద్దం చేతిలోనే పగులుతుంది, పగలకపోతే పెట్టుకున్నవాడికి కళ్ళు తిరుగుతాయి. అందుకని నిదానం అనే మాట అతనికి తిట్టులా వినిపించలేదు.

అత్తగారి తీరు వేరు. ఒకప్పుడు సినిమా హాల్లో టిక్కెట్లిచ్చే కిటికీ వెనక కూర్చుని, మీద పడుతున్న జనాన్ని ఒక్క నోటితో వరసలో నిలబెట్టిన మనిషి. హాలు మూతపడి, మామగారు కూడా పోయాక కూతురింట్లో ఉండిపోయింది. ఆ నోటికి ఇప్పుడు అంత జనం లేరు, అల్లుడొక్కడే దొరికాడు. అతను చెప్పులు వేసుకుంటుంటే "తొడుక్కుంటున్నావా, కుట్టుకుంటున్నావా?" అనేది. బండి తుడుస్తుంటే "అంత రుద్దకు, రంగు పోయి ఇనుము తేలుతుంది" అనేది. అతను నవ్వీ నవ్వనట్టు ఊరుకునేవాడు. "అలాగే అత్తయ్యా", "మీ ఇష్టం అత్తయ్యా" అనే రెండు మాటలతోనే అన్నేళ్ళూ నెట్టుకొచ్చాడు. ఏనాడూ మీరు అనే మర్యాద దాటలేదు, ఏనాడూ ఎదురు చెప్పలేదు. చూసేవాళ్ళు మాత్రం వాళ్ళిద్దరికీ ఉప్పూ నిప్పూ అనే చెప్పుకునేవారు.

ఆవిడ ప్రాణం పోయింది అల్లుడి బండి మీద ఆసుపత్రికి వెళ్ళే దారిలో.

ఆ రోజు అతనికి సెలవు. భార్య బిస్కెట్ల ఫ్యాక్టరీలో పొట్లాలు కట్టే చోట పని చేస్తుంది; పొద్దుటి షిఫ్టుకి వెళ్ళిపోయింది. అక్కడ లోపలికి ఫోన్లు తీసుకెళ్ళనివ్వరు. అత్తగారు వంటింటి గడప మీద కూలబడి, ఛాతీ మీద చెయ్యి వేసుకుని, "ఇక్కడెవరో తడిగుడ్డని పిండినట్టు పిండుతున్నారయ్యా" అంది. మొహమంతా చెమట. అతను ఆటో పిలుస్తానన్నాడు. "ఆటో కోసం సందు చివరిదాకా ఎవరు నడుస్తారు? గుమ్మంలో బండి పెట్టుకుని ఆటో ఏంటి, తియ్యి" అంది. ఆసుపత్రి మరీ దూరం కాదు. ఎక్కించుకుని, జారిపోకుండా ఇద్దరినీ కలిపి శాలువాతో ఒక చుట్టు చుట్టి ముందు ముడేసుకున్నాడు.

అంతకు ముందు వారం బండి ఒకసారి దారిలో ఆగింది. మూత తీసి చూస్తే ట్యాంకులో అడుగున కాస్తే ఉంది. మళ్ళీ మూత పెట్టి కిక్కు కొడితే స్టార్టయింది. పెట్రోలు తక్కువై ఆగి ఉంటుందనుకున్నాడు. అందుకే ఆ ముందు రోజు సాయంత్రం బంకులో అంచుదాకా పోయించుకొచ్చాడు. ఆ ధైర్యంతోనే ఆవిణ్ణి ఎక్కించుకున్నాడు.

వంతెన దిగుతుండగా ఇంజను గొంతు పూడుకుపోయినట్టు రెండు మూలుగులు మూలిగి ఆగిపోయింది. కిక్కు మీద కిక్కు కొట్టాడు. ప్లగ్గు వైరు నొక్కి చూశాడు, ట్యాంకు కింద పెట్రోలు కాక్ అటూ ఇటూ తిప్పాడు. చెయ్యెత్తితే ఒక్క ఆటో ఆగలేదు, అన్నీ జనంతో కిక్కిరిసి పోతున్నాయి. కాసేపటికి ఏ వైద్యమూ లేకుండానే స్టార్టయింది. అమ్మయ్య అనుకున్నాడు. కలప అడితి దగ్గర మళ్ళీ ఆగింది. మళ్ళీ కాసేపు చచ్చి, మళ్ళీ లేచింది. అతన్ని ముంచింది అదే. మొదటిసారే పూర్తిగా మొరాయించి ఉంటే, బండిని రోడ్డున పడేసి, ఆవిణ్ణి ఎత్తుకునైనా పరిగెత్తేవాడు. ఇంకొంచెం దూరమే కదా, ఇంకొంచెమే కదా అని ఆశపెట్టి తీసుకెళ్ళింది. రెండు మలుపులు తిరిగితే ఆసుపత్రి గేటనగా, షట్టరు దించి ఉన్న ఒక దుకాణం ముందు మూడోసారి ఆగింది. ముడి విప్పి ఆవిణ్ణి దించి మెట్టు మీద కూర్చోబెట్టాడు. అక్కడ వాళ్ళిద్దరూ ఏవో నాలుగు మాటలు మాట్లాడుకున్నారు. ఆ మాటలేమిటో తరవాత అతను ఎవరికీ చెప్పలేదు. మంచినీళ్ళ క్యాన్ల వ్యాను ఒకటి ఆగింది. డ్రైవరు దిగొచ్చి ఓ చెయ్యి వేశాడు. క్యాన్ల మధ్య ఆవిడ తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆసుపత్రిలో డాక్టరమ్మ నాడి చూసి, కనురెప్పలు ఎత్తి చూసి, అతని భుజం మీద చెయ్యి వేసింది. దారిలోనే అయిపోయిందని చెప్పింది.

సాయంత్రం ఆ బండే ఒక్క కిక్కుకి స్టార్టయింది. దాని మీదే ఇంటికొచ్చాడు.

వచ్చిన చుట్టాలు ఒక్కొక్కరూ వెళ్ళిపోయాక బావమరిది మిగిలాడు. భార్యకి తమ్ముడు, కరెంటు లైన్‌మన్‌గా చేస్తున్నాడు. స్తంభాలెక్కి ఎక్కి అరచేతులు చెక్కల్లా ఉంటాయి. ముందు గదిలో కుర్చీలో ఆ అరచేతులే చూసుకుంటూ కూర్చుని, "బావా, ఒక్క మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు" అన్నాడు. నిదానానికి కోపం రాదని తెలిసే అన్నాడు.

"అడుగు."

"బండి ఆ ముందు రోజు బాగా తిరిగింది. ఆ సాయంత్రం తిరిగింది. నిన్నా తిరిగింది. అమ్మ ఎక్కిన ఆ ఒక్క పూటే మూడుసార్లు ఆగిందా?"

"ఆగింది."

"ఎందుకాగింది?"

"తెలీదు."

"తెలీదు" అని ఆ మాటనే బావమరిది మళ్ళీ మెల్లగా అన్నాడు. "అమ్మంటే నీకు పడదని నాకు తెలుసు. ఆవిడ నోరు అలాంటిది, నేను కాదనను. కానీ ఆ రోజైనా నువ్వు తొందరపడ్డావా బావా? అదొక్కటే నాకు నిద్ర పట్టనివ్వడం లేదు."

బావమరిది చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. భార్య అక్కడే ఉంది, ఖాళీ గ్లాసులు ఒకదాంట్లో ఒకటి పెడుతోంది. "అవేం మాటల్రా" అని తమ్ముణ్ణి ఒక్క మాట అంటుందేమోనని అతను చూశాడు. ఆమె గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళింది. ఆ తరవాత కూడా ఏమీ అనలేదు. వేళకి వడ్డించింది, వేళకి పనికి వెళ్ళింది. అంతకు ముందు ఫ్యాక్టరీ దాకా అతని బండి మీదే వెళ్ళేది, ఇప్పుడు బస్సెక్కుతోంది. ఎందుకని అతను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఆమె గట్టిగా నాలుగు కేకలు వేసినా అతనికి కాస్త తెరిపిగా ఉండేది.

అతను మెకానిక్కు దగ్గరికి వెళ్ళాడు. చింతపిక్క రంగు షర్టు తప్ప ఇంకోటి వేసుకోని భారీ మనిషి, బండి చప్పుడు వింటున్నప్పుడు కళ్ళు మూసుకునే అలవాటున్నవాడు. నిదానం చెప్పిందంతా విన్నాడు. ముందు ట్యాంకు మూత తీసి, లోపలికి టార్చి వేసి, బండిని పక్కలకి ఊపి పెట్రోలు చూశాడు. మూత పక్కన పెట్టి పనిలోకి దిగాడు. పెట్రోలు కాక్ విప్పి జల్లెడ కడిగాడు. పైపు ఊడదీస్తే ధార సన్నని పుల్లలా తిన్నగా పడింది. కార్బొరేటరు కింద గిన్నె విప్పి చూశాడు. నలకా లేదు, నీటిచుక్కా లేదు. జెట్ల రంధ్రాలు వెలుతురుకి పెట్టి చూసి గాలి ఊదాడు. ప్లగ్గు మార్చాడు. అన్నీ బిగించి, అలా ఓ చుట్టు తిరిగొచ్చాడు.

"బండి బంగారం తమ్ముడూ" అన్నాడు దిగుతూ.

"ఆగింది అన్నా."

"ఆగి ఉంటుంది. ఏ చెత్తో అడ్డం పడి, అదే పోయి ఉంటుంది."

"మూడుసార్లు పడి, మూడుసార్లూ పోయిందా?"

మెకానిక్కు చేతులు తుడుచుకుంటూ అతని మొహం చూశాడు. విషయం ఆయనకీ తెలుసు, వీధిలో తెలియనివాళ్ళు లేరు. "ఉన్న రోగానికైతే మందేస్తాను. లేని రోగాన్ని ఎక్కణ్ణించి పట్టుకొచ్చేది?" అన్నాడు, మెత్తగానే.

నిదానం ఊరుకోలేదు. రోజూ పని అయ్యాక ఇంటికి రాకుండా, ఇంటి సందు నుంచి ఆసుపత్రి గేటు దాకా అదే దారిలో వెళ్ళొచ్చేవాడు. వంతెన, అడితి, షట్టరు దుకాణం. బండి ఎక్కడా ఆగేది కాదు. బండి హాయిగా పరిగెత్తినకొద్దీ అతని గుండె దిగజారేది. మనిషి బరువుకి ఏమైనా తేడా వచ్చిందేమోనని ఒకరోజు వెనక సీటు మీద ఇసుక బస్తా కట్టాడు. అత్తగారి బరువు ఉంటుందని చేత్తో ఎత్తి చూసి, రెండు గుప్పెళ్ళు తీసి, మళ్ళీ ఒక గుప్పెడు పోశాడు. భార్య పని నుంచి వస్తూ గేటు దగ్గర నిలబడిపోయింది.

"ఏంటండీ అది?"

"బరువు."

"ఎవరి బరువు?"

అతను తాడు బిగిస్తూ తల ఎత్తలేదు. ఆమె అతని పక్కనుంచే లోపలికి వెళ్ళింది. ఆ సాయంత్రం కూడా బండి ఆగలేదు. బస్తా విప్పి, ఇసుక గోడ వార పోసి, ఖాళీ గోనె చేతిలో పెట్టుకుని అతను చాలాసేపు అక్కడే కూర్చున్నాడు. తను అబద్ధం చెప్పలేదని లోకంలో తెలిసినవాడు తనొక్కడే. ఇప్పుడు తనకే అనుమానం వస్తోంది. నిజంగానే తను ఆలస్యం చేశాడా? కిక్కు కొట్టేటప్పుడు చేతకాక కొట్టాడా? ఆవిడ అన్నట్టు పుట్టుకతో వచ్చిన నిదానం ఆ రోజు కూడా వదల్లేదా?

మర్నాడు దుకాణంలో ఒక ముసలాయన కళ్ళజోడు పట్టుకుని వచ్చాడు. ఇంట్లో వేసుకుంటే తల నొప్పి, ఇక్కడ వేసుకుంటే ఏమీ లేదట. మూడోసారి రావడం. దుకాణం యజమాని విసుక్కున్నాడు. నిదానం ఆయన్ని కూర్చోబెట్టి, "ఇంట్లో ఏం చేస్తుంటే వస్తుంది? ఇక్కడ చెయ్యనిది, అక్కడ చేస్తున్నది ఏంటి?" అని అడిగాడు. పడుకుని చదువుతాడట. పడుకుంటే జోడు ముక్కు మీద పైకి జారి, అద్దం కంటికి తప్పుతోంది. ముక్కుపట్టీలు వంచి ఇచ్చి పంపాక, అడిగిన ప్రశ్నే అతని చెవిలో మిగిలిపోయింది. ఆ రోజు ఉన్నది, ఇప్పుడు లేనిది ఏంటి? దారి అదే. బరువు అదే. ఎండ కూడా ఇంచుమించు అదే. ఒక్కటే తేడా. ఆ రోజు ట్యాంకు నిండుగా ఉంది. ఆ తరవాత మళ్ళీ నింపలేదు. బండి అంటే విరక్తి పుట్టి, ఎప్పటికప్పుడు కొంచెం కొంచెం పోయించుకుంటూ వచ్చాడు.

పెట్రోలు నిండా ఉంటే బండి ఆగడమేంటి? ఎవరితో అన్నా నవ్వుతారు. అయినా ఆదివారం పొద్దున్నే బంకుకి వెళ్ళి అంచుదాకా పోయించాడు. ఇంటికి వచ్చి, ఆ రోజులాగే గుమ్మంలోంచి బయల్దేరాడు. వంతెన ఎక్కాడు. దిగుతుండగా ఇంజను రెండు మూలుగులు మూలిగి ఆగిపోయింది.

బండి పక్కకి తీసి, పిట్టగోడకి ఆనించి, దేన్నీ తాకకుండా మెకానిక్కుకి ఫోను చేశాడు. ఆయన తన బండి మీద ఆదరాబాదరా వచ్చి, దిగుతూనే ట్యాంకు మూత మీద చెయ్యి వేశాడు.

"వద్దన్నా" అని నిదానం ఆ చెయ్యి పట్టుకున్నాడు. "అది మాత్రం ఇప్పుడే తియ్యకు. ప్రతిసారీ ముందు దాన్నే తీస్తున్నాం. అది తప్ప మిగతావన్నీ చూడు."

మెకానిక్కు చెయ్యి తీసేసి, మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కాక్ తెరిచే ఉంది. కార్బొరేటరు దగ్గర పైపు ఊడదీశాడు. నాలుగు చుక్కలు పడి ఆగిపోయాయి. పైపు అటూ ఇటూ తిప్పి చూశాడు, ఏమీ లేదు. పైన ట్యాంకు నిండా పెట్రోలు, కింద పైపు ఎండిపోయి ఉంది. ఆయన మెల్లగా తల ఎత్తి, "ఇప్పుడు నువ్వే తియ్యి" అన్నాడు.

నిదానం తాళం తిప్పి మూత ఎత్తాడు. ఉస్సుమని, ఎవరో ఊపిరి లోపలికి లాగినట్టు చప్పుడైంది. ఆ వెంటనే కింద పైపులోంచి ధార దూకి మెకానిక్కు చెయ్యంతా తడిసింది. కాక్ కట్టేసి ఆయన పిట్టగోడ పక్కన నేల మీదే చతికిలబడ్డాడు.

"మూతకి సన్నని చిల్లు ఉంటుంది తమ్ముడూ" అన్నాడు. "పెట్రోలు కిందికి దిగుతుంటే ఆ ఖాళీలోకి పైనుంచి గాలి రావాలి. చిల్లు పూడుకుపోతే గాలి రాదు, ట్యాంకు పెట్రోల్ని బిగబట్టేస్తుంది. కాసేపు వదిలేస్తే మూత అంచుల్లోంచి కాస్త గాలి దూరుతుంది, బండి లేస్తుంది. ఇంకొంత దూరం పోయి మళ్ళీ ఆగుతుంది. పెట్రోలు తక్కువున్నప్పుడు లోపల గాలి బోలెడుంటుంది, అది చాలాసేపు సరిపోతుంది. నిండా పోస్తే గాలికి చోటే లేదు, ఇట్టే బిగుసుకుంటుంది." ఆయన మొహం తుడుచుకున్నాడు. "నేను బండి ముట్టుకుంటే ముందు మూతే తీస్తాను. నా చేత్తో నేనే రోగాన్ని దాచేస్తున్నాను."

అద్దాల పని కోసం జేబులో ఉండే చిన్న భూతద్దం కంటికి పెట్టుకుని నిదానం మూత లోపలి వైపు చూశాడు. చిల్లు ఉండాల్సిన చోట తుప్పుపొడీ దుమ్మూ తడిసి గడ్డకట్టి, రాయిలా ఉన్నాయి. ఎవరూ చేసిందేమీ కాదు. వానా, దుమ్మూ, ఏళ్ళూ. మెకానిక్కు సన్న వైరు తీసి పొడవబోయాడు.

"ఇప్పుడే వద్దు" అన్నాడు నిదానం. "ఇంట్లో మనిషికి చూపించాలి."

"చూపించి వెంటనే తీసుకురా. ఇది వేసుకుని ఊరంతా తిరగకు" అన్నాడు ఆయన.

ఇంటికొచ్చేసరికి భార్య ఉతికిన బట్టలు ఆరేస్తోంది. "ఒకసారి నాతో బండెక్కుతావా?" అన్నాడు. ఆమె వినిపించుకోనట్టే దులిపి ఆరేసింది. బండి ఆగిందని, ఎందుకాగిందో తెలిసిందని చెప్పాడు. మూత, చిల్లు, గాలి, అన్నీ చెప్పాడు. అంత పొడుగ్గా అతను మాట్లాడటం ఆమె ఎప్పుడూ వినలేదు.

"నేను మిమ్మల్ని రుజువులు అడిగానా?" అంది ఆఖరికి.

"అడగలేదు. అడిగుంటే బాగుండేది."

ఆమె చేతిలో బట్ట అలాగే పట్టుకుని నిలబడింది. తరవాత దాన్ని బకెట్లో పడేసి, చేతులు తుడుచుకుని, వచ్చి వెనక కూర్చుంది. అతని భుజం పట్టుకోలేదు, సీటు వెనక కమ్మీ పట్టుకుంది.

దారిలో బంకు దగ్గర ఆపి, ఖర్చయిన కాస్తా నింపించాడు. వంతెన దిగుతూనే బండి ఆగింది. ఆమె దిగి గోడ పక్కన నిలబడింది. అతను కిక్కు కొట్టాడు, ఆ రోజు చేసినవన్నీ ఆ రోజులాగే చేశాడు. మూత మాత్రం ముట్టుకోలేదు. ఆమె చూస్తూ ఉంది. ఆటోలు పోతున్నాయి. కాసేపటికి బండి లేచింది. అడితి దగ్గర ఆగింది. అక్కడ ఆమె అతని నుదుటి మీద చెమట చూస్తూ నిలబడింది. మళ్ళీ లేచింది. షట్టరు దుకాణం ఇంకా రానేలేదు, ఆమె చెయ్యి అతని భుజం మీదికి వచ్చింది. ఆ దుకాణం ముందు కూడా బండి ఆగింది.

ఇప్పుడు మూత తీశాడు. ఉస్సుమంది. ఆమె ఆ చప్పుడు విన్నది. మూత పెట్టి కొడితే ఒక్క కిక్కుకి స్టార్టయింది. ఆపేశాడు.

"మరి ఆ రోజు మూత ఎందుకు తీయలేదు?" అని అడిగింది ఆమె.

ఈ ప్రశ్న వస్తుందని అతనికి తెలుసు. "ముందు రోజే నింపాను. నిండుగా ఉందని తెలుసు. అందుకే అన్నీ చూశాను, దాన్ని చూడలేదు" అన్నాడు. "తీసుంటే లేచేది. తీయలేదు. ఆ తప్పు మాత్రం నాదే."

ఆమె మెట్టు మీద కూర్చుంది. ఆదివారం కాబట్టి షట్టరు దించే ఉంది. "అమ్మ ఇక్కడే కూర్చుందా?"

"ఇక్కడే."

"ఏమంది?"

అతను పక్కన కూర్చున్నాడు. చెప్పడానికి చాలాసేపు పట్టింది. ఆమె తొందర పెట్టలేదు.

"నేను కాలు కాలిన పిల్లిలా రోడ్డు మీదికీ బండి దగ్గరికీ తిరుగుతున్నాను. ఏడుస్తున్నాను కూడా అనుకుంటా. 'ఏయ్ నిదానం, ఇలా రా, కూర్చో' అంది. 'నువ్వు కంగారు పడితే నాకు భయమేస్తోంది. నీ మొహానికి కంగారు నప్పదు' అంది. కూర్చున్నాను. నా భుజానికి తల ఆనించింది. 'ఇన్నేళ్ళు తిట్టాను కదా, ఒక్కసారైనా తిరిగి తిట్టవేంటయ్యా? గోడతో కాపరం చేసినట్టుంది నాకు' అంది. ఇప్పుడవన్నీ ఎందుకు అత్తయ్యా అన్నాను. 'ఇప్పుడే కావాలి, తరవాత తీరుతుందో లేదో' అంది. మాట్లాడుతుంటే ఆయాసం వస్తోంది, పెదాలు నల్లబడుతున్నాయి. నాకేం చెయ్యాలో తోచలేదు." అతను ఆగాడు. "'నోరు మూసుకుని కూర్చో' అన్నాను. మీరు అని కూడా అనలేదు. 'నోరు మూసుకుని కూర్చో అత్తయ్యా' అని అరిచాను. ఆవిడ నవ్వింది. 'అమ్మయ్య, అన్నావు' అంది. మళ్ళీ మాట్లాడలేదు. ఆ తరవాతే వ్యాను వచ్చింది."

భార్య అతని వైపు తిరిగింది.

"ఆవిడతో నా ఆఖరి మాట అది. ఎవరికి చెప్పను? ఆగిన బండినే ఎవరూ నమ్మలేదు. ఇది చెబితే ఏమనుకుంటారు?"

ఆమె రెండు చేతులతో మొహం కప్పుకుంది. భుజాలు అదురుతుంటే ఏడుస్తోందనుకున్నాడు. ఏడుస్తూనే ఉంది, కానీ మధ్యలో గొంతులోంచి నవ్వు కూడా తన్నుకొస్తోంది. "గోడతో కాపరమా?" అంది. "అమ్మే. అచ్చం అమ్మే." తల్లి పోయాక ఆమె ఏడవడం అతను చూడటం అదే మొదలు. రోడ్డున పోయేవాళ్ళు చూస్తున్నా పట్టించుకోకుండా ఇద్దరూ ఆ మెట్టు మీద ఎండ మీదికి వచ్చేదాకా కూర్చున్నారు. లేచేటప్పుడు ఆమె, "తప్పు మీ ఒక్కరిదే కాదు, నాది కూడా ఉంది. అడగకుండా ఊరుకున్నాను" అంది. ఇద్దరూ అక్కణ్ణించి నేరుగా మెకానిక్కు దగ్గరికి వెళ్ళారు. ఆయన పాత మూత తీసేసి కొత్తది బిగించాడు. ఆ వారం నుంచి ఆమె బస్సెక్కడం మానేసింది.

బావమరిది తరవాత నెలలో గానీ రాలేదు. ఒక సెలవు రోజు సాయంత్రం తన బండి మీద వచ్చి, లోపలికి రాకుండా వాకిట్లోనే స్టాండు వేసి, "బావా, తీరికేనా? నాదీ ఇలాంటి మూతే, ఓసారి చూడు" అన్నాడు. నిదానం భూతద్దం తెచ్చుకుని, మూత తీసి వెలుతురుకి పట్టుకున్నాడు. చిల్లు బాగానే ఉంది. అయినా సన్న వైరుతో శుభ్రం చెయ్యడం మొదలుపెట్టాడు.

"మాకూ ఉంటాయి బావా, ఇలాంటివి" అన్నాడు బావమరిది, బండి సీటు మీద చేతులు ఆనించి. "ఎక్కడో జాయింటు వదులై ఉంటుంది. మేం నిచ్చెన వెయ్యగానే కరెంటు వచ్చేస్తుంది. దిగి నాలుగడుగులు వేస్తే మళ్ళీ పోతుంది. జనం మా మొహాన ఉమ్మడం ఒక్కటే తక్కువ. నాకు తెలిసుండాల్సింది."

నిదానం వైరు తిప్పుతూనే ఉన్నాడు.

"అక్క చెప్పింది" అన్నాడు బావమరిది. "అమ్మతో నువ్వన్న మాట కూడా చెప్పింది" అన్నాడు.

నిదానం చేతులు ఆగిపోయాయి. తల ఎత్తడానికి భయమేసింది.

"ఆ మాట నేను చిన్నప్పట్నించీ అనాలనుకున్నాను బావా, ధైర్యం చాల్లేదు" అన్నాడు బావమరిది. మొహం పక్కకి తిప్పుకుని, గట్టిగా ముక్కు చీది, "ఆ వైరు ఇటివ్వు, చీకటి పడేలా ఉంది" అని చెయ్యి చాపాడు.

నిదానం మూతా వైరూ రెండూ అతని చేతిలో పెట్టి, కనిపించేట్టుగా భూతద్దం పైన పట్టుకున్నాడు.